కథ దారి తప్పు చోటు

కథ చెప్పువానికి రెండు విద్యలు రావలెను. మొదలుపెట్టుట యొకటి, చాలించుట రెండవది. మొదటి విద్య మనలో పెక్కుమందికి కలదు. రెండవది మిక్కిలి యరుదు. కథ బాగున్నదని నలుగురు మెచ్చుకొనిన తరువాత దానిని ముగించుటకు చెప్పువానికి మనసొప్పదు. వినువారి కంతకంటె నొప్పదు. నడుమ నిలిచి దానిపై వ్యాపారము చేయువానికి బొత్తిగా నొప్పదు. ఇట్లు ముగ్గురును గూడి సాగదీసిన కథ కొంత దూరము పోయి దారి తప్పును. అప్పుడు మనము "పాతబడిపోయినది" అని పెదవి విఱుతుము. పాతబడుటయే దోషమైనచో రామాయణమును మన మింకను వినుచుండుటకు కారణమేమి? కావున దోషము వయస్సునందు లేదు. అది యెచ్చట నున్నదో వెదకుటయే నా యుద్దేశము.

ఇందులకు మన తెలుగు టెలివిజనులో పుట్టి యింటింటివారి కెఱుకపడిన కథ నొకదానిని దృష్టాంతముగా గైకొందును. గుణ్ణం గంగరాజు సృష్టించిన "అమృతం" అను హాస్య ధారావాహిక జెమిని టీవీలో 2001 నవంబరు 18వ తేదీన మొదలై 2007 నవంబరు 18వ తేదీతో ముగిసినది. ఆదివారమున కొకటి చొప్పున ఆఱేండ్లలో 313 భాగములు వచ్చినవి. అటుపిమ్మట 2014లో ఆ పాత్రలే వెండితెర కెక్కి, భూమిని విడిచి చంద్రమండలమునకు ప్రయాణము కట్టినవి. "అమృతం చందమామలో" అను నా చిత్రము తెలుగున మిక్కిలి యరుదైన అంతరిక్ష హాస్యము. మరల 2020లో అదే కుటుంబము "అమృతం ద్వితీయం" అను పేర జీ5లో కానవచ్చినది. పందొమ్మిదేండ్ల యీ ప్రయాణములో కథ దారి తప్పిన చోటు నాకు స్పష్టముగా కనబడుచున్నది. అది చంద్రమండలము. అందుకు చంద్రుని నిందింపవలసిన పని లేదు. అచ్చటికి పోవునపుడు కథ తనవెంట నేమి తీసికొనిపోయినది, దేనిని విడిచిపోయినది యనునదియే విచారింపదగిన సంగతి.

మొదటి అమృతమునం దుండిన దేమి? అమృతరావు, ఆంజనేయులు అను నిద్దఱు మిత్రులు, వారు నడుపు "అమృత విలాస్" అను చిన్న హోటలు, వడ్డించుటకు సర్వము, అద్దెకొఱకు తలుపు తట్టు నింటి యజమాని అప్పాజీ. మిత్రుల కిద్దఱకును తొందరగా ధనవంతులు కావలెనని కోరిక. వారి భార్యలగు సంజీవిని, శాంత అను వారలకు భర్తలకంటె లోకజ్ఞాన మెక్కువ. ఇంతకుమించి వింత యేదియు లేదు. అయినను మనవారు ఆఱేండ్లు దానిని విడువలేదు. ఏలయన, ఆ కథ ప్రతివారమును మనల నొక ప్రశ్న యడుగుచుండెను: తెలివి తక్కువ, ఆశ యెక్కువ యైన మధ్యతరగతి మనుజుడు నెల గడచుట యెట్లు? నెలాఖరున అద్దె కట్టవలెను. ఆ గడువు తప్పదు. అది తప్పనందువలననే వారి వెఱ్ఱి యుపాయములు మనకు నవ్వు పుట్టించెను. నవ్విన తరువాత మన యింటి లెక్కలు కూడ జ్ఞాపకమునకు వచ్చుచుండెను.

ఇంకొక గుణమును మన వంటి సంసారులు గుర్తింపవలెను. కోడలి కన్నీటితో ఏండ్ల తరబడి నడచు కథలు మన యిండ్లలో రాజ్యమేలుచుండగా, ఇందలి గృహిణులు భర్తల తెలివితక్కువను చూచి నవ్విరి, తగినచోట మందలించిరి, తామే చిక్కులు విప్పిరి. స్త్రీవిద్యను గుఱించి సభలలో చేయు ఉపన్యాసములకంటె ఆదివారపు రాత్రి యీ నవ్వు కొన్ని యిండ్లలో నెక్కువ పని చేసినదని నా నమ్మకము.

ఆఱేండ్లలో అమృతరావు ముఖము రెండుమాఱులు మాఱినది. మొదట శివాజీరాజా, తరువాత నరేశ్, ఆ పిమ్మట హర్షవర్ధన్ ఆ పాత్రను ధరించిరి. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు మాత్రము కడవఱకు నిలిచెను. నాయకుని ముఖము మాఱినప్పుడెల్ల మనము రెండు వారములు సణిగి మూడవ వారము మరల నవ్వితిమి. కథ యొక్క ప్రాణము నటుని ముఖమునందు లేదని యిందువలన ఋజువగుచున్నది. అది వారి నొత్తుచున్న యవసరమునందు కలదు. అద్దె, అప్పు, ఆశ అను నా మూటిని కదలింపనంతవఱకు ఎవ్వరు నటించినను అమృతము అమృతమే.

ఇక చంద్రమండలము సంగతి. చిత్రమునకు గంగరాజే దర్శకుడు. అవసరాల శ్రీనివాస్ అమృతముగను, హరీష్ ఆంజనేయులుగను నటించిరి. అప్పాజీగా శివన్నారాయణ, సర్వముగా వాసు ఇంటూరి పాతవారే నిలిచిరి. భూమిమీద హోటలు నడుపలేనివారు చంద్రునిపై హోటలు పెట్టబోవుదురు. తలంపు మంచిదే, నవ్వు పుట్టింపదగినదే. అయినను సీరియలునకు లభించిన యాదరణము చిత్రమునకు లభింపలేదు. కారణము గ్రాఫిక్సులోని లోపమని కొందఱును, పాత ముఖములు లేకపోవుటయని కొందఱును చెప్పిరి. ముఖములు మాఱినను కథ నిలుచునని యిదివఱకే చూచితిమి. బొమ్మల నైపుణ్యమే ముఖ్యమైనచో నాలుగు బల్లలును ఒక గల్లాపెట్టెయు గల హోటలు ఆఱేండ్లు మనల నేల కట్టివేసినది?

చంద్రునిపై మనుజుని బరువు భూమిపై నుండు దానిలో ఆఱవ వంతని మేము తరగతిలో చెప్పుచుందుము. నాకు తోచినంతవఱకు ఆ చిత్రమునందు కథ బరువు కూడ నట్లే తగ్గినది. నెలాఖరు భయము, ఇరుగుపొరుగు, ఇంటి మాట, వీధి మాట యను నివి మనుజుని నేలపై నిలుపు శక్తులు. వీనిని దింపివేసి పాత్రలను మాత్రము పైకెక్కించినచో అవి తేలును. తేలునట్టి దానిని చూచి ఒక నిమిషము ఆశ్చర్యపడుదుము, తరువాత ఆవలింతుము.

అంతమాత్రమున హాస్యకథ చంద్రునిపైకి పోరాదని కాదు. విజ్ఞానకల్పన యనగా రాకెట్టును చూపుట కాదు. రాకెట్టు వచ్చినందువలన మనుజుని బ్రదుకులో నే ప్రశ్న పుట్టినదో దానిని చూపుట. ఇందుకొక చిన్న పరీక్ష కలదు. కథలోని వింతయంత్రమును తీసివేసి చూడవలెను. తీసివేసినను కథ యథాతథముగా నిలిచినచో ఆ యంత్రము అలంకారము మాత్రమే. తీసివేయగనే కథ కూలినచో అది నిజమైన విజ్ఞానకల్పన. చంద్రుడు అమృతరావు నడుగదగిన ప్రశ్నలు లేకపోలేదు. 1967 నాటి అంతరిక్ష ఒడంబడిక ప్రకారము చంద్రమండలమును ఏ రాజ్యమును తనదని చెప్పుకొనరాదు. భూమిపై అడుగడుగునకు అద్దె యడుగు నప్పాజీ, ఏ దేశపు పట్టాయు చెల్లని యా నేలపై నేమి చేయును? గాలియే కొనవలసిన చోట ఇడ్లీకి ధర యెంత? నీటిబొట్టు నెల్ల లెక్కించు చోట చేయి కడుగుకొనుటకు చెంబెడు నీళ్లెవ్వరిత్తురు? ఈ ప్రశ్నలలో పాత అద్దెబాధయే కొత్త రూపమున కలదు. వానిని వెంబడించియుండినచో కథ మన వీథిని విడువకయే చంద్రుని చేరెడిది. చిత్రము వానికంటె వింతను చూపుటయందే యెక్కువ శ్రమించినది.

ఇది మన యొక్కరి జబ్బు కాదు. ఇంగ్లండులో బీబీసీవారు 1963 నవంబరు 23వ తేదీన "డాక్టర్ హూ" అను విజ్ఞానకల్పనా ధారావాహికను మొదలుపెట్టిరి. దాని తొలికథకు దర్శకుడు లక్నోలో జన్మించిన వారిస్ హుస్సేను. అందలి వాహనము వెలుపల పోలీసువారి టెలిఫోను పెట్టె, లోపల విశాలమైన మందిరము. అది దేశమునందును కాలమునందును తిరుగాడును. డాక్టరను నాయకునితో పయనమైన మొదటి మనుష్యు లిద్దఱును బడిపంతుళ్లే. ఒకరు సైన్సు చెప్పువారు, మఱియొకరు చరిత్ర చెప్పువారు. నావంటివాని కీ సంగతి యెంత సంతోషము కలిగించునో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ యెంపిక యూరక జరిగినది కాదు. భవిష్యత్తునకు పోయి శాస్త్రమును, గతమునకు పోయి చరిత్రను పిల్లలకు పరిచయము చేయవలెనని నిర్మాతల సంకల్పము. మిడిగ్రుడ్ల భూతములు వలదని నాటకశాఖాధిపతియగు సిడ్నీ న్యూమన్ ముందుగనే చెప్పియుండెను.

నెల తిరుగకముందే రెండవ కథలో "డాలెక్" లను లోహకవచధారులు వచ్చిరి. వారు ఊరక భూతములు కారు. యుద్ధమున చెడి, తమకు భిన్నమైన దానినెల్ల ద్వేషించు జాతి. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసి ఇరువది యేండ్లయినను కాని యా దేశమున ఆ కథలో నొక ప్రశ్న యుండెను. జనులు దానిని విశేషముగా ఆదరించిరి. చిక్కెల్ల నచ్చటనే కలదు. ఆదరణమును చూచి కథకులు ప్రశ్నను విడిచి భూతమును పట్టుకొనిరి. 1967 మొదలు 1989 వఱకు, భూతములు లేని కేవల చరిత్రకథ 1982లో ఒక్కటి తప్ప మఱి రాలేదు. చరిత్ర చెప్పు పంతులు బండి దిగిపోయినట్లే యయ్యెను.

నాయకపాత్రధారి తప్పుకొనగా 1966లో వారు చక్కని యుపాయము కనిపెట్టిరి: డాక్టరు మరణింపబోవునప్పుడు దేహము మార్చుకొని కొత్తరూపు దాల్చును. మన అమృతరావు నోరెత్తక ముఖము మార్చుకొనగా, వారు దానికొక శాస్త్రకారణము కల్పించిరి. ఇందువలన కథ దీర్ఘాయువైనది. కాని ఏండ్లు గడచినకొలది అది లోకమును చూచుట మాని తన్ను తాను చూచుకొన నారంభించెను. 1985లో వచ్చిన సైబర్‌మెన్ కథ యొకటి బాగుగ తెలియవలెనన్న 1966, 1967 సంవత్సరముల నాటి కథలు జ్ఞాపకముండవలెను. అభిమానులు మురిసిరి, కొత్తగా వచ్చి కూర్చున్న బాలునికి మాత్రము తలుపు మూసినట్లయ్యెను. ఆ యేడే పదునెనిమిది నెలల విరామము వచ్చినది. చివరి రెండేండ్లలో కొంత కోలుకొన్నను 1989 డిసెంబరులో ధారావాహిక ఆగిపోయినది. అధికారుల అనాదరము కూడ నొక కారణమని యెల్లరు నెఱుగుదురు. కాని తన జ్ఞాపకములనే తిని బ్రదుకు కథను కాపాడుటకు వీధిలోని జనము పరుగెత్తుకొని రారు.

అది 2005 మార్చి 26వ తేదీన మరల లేచినప్పు డెట్లు లేచినదో చూడుడు. డాక్టరు వంశచరిత్రతో మొదలుపెట్టలేదు. దుకాణమున పనిచేయు పందొమ్మిదేండ్ల పడుచు నొకతెను ముందు నిలిపి, ఆమె కన్నులతో సమస్తమును చూపిరి. చూచువాని కామెకంటె నెక్కువ తెలిసియుండవలసిన పని లేదు. జనులు తిరిగి వచ్చిరి. అయినను రోగము పూర్తిగా పోలేదు. 2020లో డాక్టరు జన్మరహస్యమును మార్చి వ్రాసిరి. అభిమానులు రెండు పక్షములై వాదించుకొనిరి. డాక్టరెవ్వరు, ఎచ్చట పుట్టెను అనునది వారి వంశావళికి సంబంధించిన ప్రశ్న. మనము ఎవ్వరము, ఎట్లు బ్రదుకవలెను అనునది మనకు సంబంధించిన ప్రశ్న. ఒకదాని స్థానమున రెండవది వచ్చి కూర్చున్నప్పుడు కథ దారి తప్పినట్లు.

చాలించు విద్య మన పూర్వులు నేర్చినట్లు మఱియొకరు నేర్వలేదేమో. పదునొకండవ శతాబ్దమున సోమదేవుడు కాశ్మీరమున రచించిన కథాసరిత్సాగరములో బేతాళకథలు కలవు. రాజు శవమును భుజముపై వైచికొని నడచును. అందలి బేతాళుడు కథ చెప్పి ధర్మసందేహ మడుగును. రాజు బదులు చెప్పగనే శవము మరల చెట్టెక్కును. ప్రశ్నయే ఆ కథల కిరుసు. కడపటి కథలో తండ్రి కూతును, కొడుకు తల్లిని పెండ్లాడుదురు. ఆ రెండు జంటల సంతానమునకు పరస్పర బంధుత్వ మేమని బేతాళు డడుగును. రాజునకు తోచదు, మౌనము వహించును. ఆ మౌనముతో కథ ముగియును. ముగింపు వెలుపలనుండి వచ్చినది కాదు, ప్రశ్ననుండియే పుట్టినది. సమాధానములేని ప్రశ్న వచ్చువఱకు నడచి, అది రాగానే యాగుట! ఇంతకంటె మర్యాదగల ముగింపును నే నెఱుగను.

ఆ చట్రమునే మా ప్రాంతమువారు చేపట్టిరి. నాగిరెడ్డితో గూడి 1947 జులైలో "చందమామ"ను స్థాపించిన చక్రపాణియు, 1952 మొదలు 1980లో కన్నుమూయువఱకు దాని కూర్పుభారమును మోసిన కొడవటిగంటి కుటుంబరావును తెనాలివారే. సోమదేవుని కథలు ముగిసిన తరువాతను చందమామలో శవము చెట్టెక్కుట యాగలేదు. కొత్త కథలు, కొత్త సందేహములు దశాబ్దముల తరబడి వచ్చినవి. శంకర్ గీసిన బొమ్మ, ఖడ్గము చేతబట్టి శవమును మోయు రాజు, మా తరమువారి కన్నులలో నింకను కలదు. అది యంతకాలము నిలుచుటకు కారణము బొమ్మ యొక్కటియే కాదు. మంచి కథ వచ్చిన నెలలో సందేహము నిజమైనదై యుండెడిది. రాజు బదులు చదువకముందు మేము మా బదులు చెప్పుకొని తగవులాడుకొనెడివారము. సందేహము పలుచనైన నెలలో మాత్రము అంతయు తంతుగా తోచెడిది. చట్రమొక్కటే, ఒక నెల బ్రదికినది, ఒక నెల లేదు. ఈ భేదమే నా వాదమునకు సాక్ష్యము.

ఇంతవఱకు తప్పంతయు కథకునిదే యన్నట్లు వ్రాసితిని. ఇక నాదియు మీదియు నైన పాలు చెప్పవలెను.

మా నిజాంపట్నము రేవుపట్టణము. ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు వేట నిషేధించు అఱువదియొక్క దినములు బోట్లన్నియు ఒడ్డుననే యుండును. ఒకమాఱు ఆ సెలవులు ముగిసినంతనే పదవ తరగతివారిని "కొత్త యంత్రము" అను విషయముపై కథ వ్రాయుమంటిని. తరగతిలో పెక్కురు రాకెట్లను, పరగ్రహపు రాక్షసులను వర్ణించిరి. ఒక్క బాలుడు బోటు సంగతి వ్రాసెను. తాత సరంగు, నక్షత్రములను చూచి, ఒడ్డునందలి దీపమును చూచి, నీటి రంగును చూచి దారి చెప్పువాడు. బోటులో జీపీయస్సును, చేపల జాడ చూపు యంత్రమును బెట్టిన తరువాత ఆయన నెవ్వరు నడుగరు. ఆయనయు చెప్పుట మానెను. ఒక రాత్రి నడిసంద్రమున యంత్రము చెడును. తాత యింటికడ మేలుకొని యుండును. బోటులోనున్న మనుమనికి నక్షత్రముల పేర్లు తెలియవు. కథ యచ్చటనే యాగినది.

రాకెట్టు కథకు ఇరువదికి పదునైదు మార్కులు వేసితిని. బోటు కథకు ఎనిమిది వేసి, ప్రక్కన "విజ్ఞానము చాలదు, ముగింపు లేదు" అని యెఱ్ఱసిరాతో వ్రాసితిని. నెలలు గడచిన తరువాత ఈ వ్యాసమునకై ఆలోచించుచుండగా ఆ కథ జ్ఞాపకమునకు వచ్చి నాకు సిగ్గు కలిగినది. యంత్రమును తీసివేసిన కూలిపోవు కథ ఆ తరగతిలో నదియొక్కటియే. దాని ముగింపు రాజు మౌనమువంటిది. సంస్కృతమున బేతాళుని, ఇంగ్లీషున వెల్సును చదివినవాడ నయ్యును నేను దానిని గుర్తింపలేకపోతిని. బాలుని పిలిచి మార్కులు దిద్దితిని. వాడు వినయముతో తల యూపి పోయెను. తరువాత వాడు తెచ్చిన కథలో రాకెట్టు కలదు. "మీకిట్టివి నచ్చునుగదా మాస్టారూ" అనెను.

ఆ మాట నన్ను విడువలేదు. మెప్పు చిన్నవాని నెట్లు దారి తప్పించునో, పెద్ద కథకుని నట్లే తప్పించును. టీఆర్పీ యను ప్రేక్షకుల లెక్కలు, ప్రకటనల సొమ్ము, అభిమానుల కేకలు ఇవి యన్నియు మార్కులే. ఎఱ్ఱసిరా మన చేతిలోనే కలదు. డాలెక్కులను చూచి చప్పట్లు కొట్టినవారు చరిత్ర పంతులు దిగిపోవునప్పు డడ్డుపడలేదు. ఒక కోడలి కన్నీరు వేయి భాగములు కారినను మనము చూచుట మానలేదు. కథకు మన మిచ్చిన గుర్తు వింతకే, పాత పేరునకే, పాత పాటకే యైనచో వారు మనకు వానినే యిత్తురు. ఇచ్చిన పిమ్మట దారి తప్పినదని మనమే నిందింతుము.

కావున చదువరులైన తల్లిదండ్రులకు నా మనవి యింతియే. ఇంట సీరియలును కట్టివేయుమని నేను చెప్పను. కట్టివేసినందువలన ఎవ్వరికి బుద్ధి రాలేదు. చూచిన తరువాత పిల్లలతో కూర్చుండి, "నేటి కథ మన నేమి యడిగినది?" అని యొక్క మాట యడుగుడు. బదులు దొరకినచో అది ముదుసలి కథయైనను దారిననే యున్నది. దొరకనిచో, నిన్న మొదలైన కథయైనను దారి తప్పినదే. 2020 మార్చి 25, ఉగాదినాడు, "అమృతం ద్వితీయం" వచ్చినది. ఆంజనేయులుగా, 2018లో దివంగతుడైన హనుమంతరావు స్థానమున ఎల్.బి. శ్రీరాం నటించెను. ఆనాడే దేశమంతట లాక్‌డౌను మొదలై హోటళ్లన్నియు మూతపడినవి. గిరాకీ లేని హోటలు, ఆగని అద్దె: చంద్రునిపై వెదకిన కొత్త ప్రశ్న నాడు ప్రతి అమృత విలాసు వాకిటను నిలిచియుండెను.

మా రేవున బోటు దారి తప్పుట సముద్రము పెద్దదైనందువలన కాదని సరంగులు చెప్పుదురు. ఒడ్డుగుఱుతు మఱచినందువలన నందురు. ఆ బాలుని తాతను నేను కలిసికొనవలెననుకొనుచున్నాను. ముందు నక్షత్రముల పేర్లు కొన్ని నేర్చుకొని వాని తరగతికి చెప్పవలెను.